పాయ అవతల మా పాప

దయ్యాల మాటెత్తితే నవ్వే రకం నేను. పటమటలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మైక్రోస్కోపులో కనబడితేనే ఏదైనా ఉందని రాస్తాను. ఆదివారం చర్చికి వెళ్తాం, అంతే. దిష్టి తీయడాలు, తాయెత్తులు మా ఇంట్లో లేవు.

నాలుగేళ్ళ కిందట మా ల్యాబ్‌లో పనిచేసే సుగుణ గారు కొత్తింటి ప్రార్థనకి పిలిచారు. కృష్ణ ఒడ్డున చిన్న ఊరు వాళ్ళది, పట్టుమని యాభై గడప ఉండదు. పసుపు, కంద, మొక్కజొన్న వేస్తారు. మా ఆయనకి డ్యూటీ పడడంతో నేనూ, నాలుగేళ్ళ మా పాప స్నేహా వెళ్ళాం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తే పాప లేదు.

ఇళ్ళన్నీ వెతికాం. మొక్కజొన్న చేలో వెతికాం. చేను దాటితే కృష్ణ పాయ, మనిషి మునిగే లోతు. గట్టు మీద పాప చెప్పులు కనిపించాయి. వాటిని చేతిలోకి తీసుకుని నీళ్ళల్లోకి దిగబోయాను.

"అదిగోనండీ, అవతల!" అని సుగుణ గారు అరిచారు.

అవతల ఇసుక తిన్నె మీద, రెల్లు పొద నీడన కూర్చుని ఉంది పాప.

పడవేమో ఇవతలే కట్టేసి ఉంది. పడవ నడిపే ఏసోబు గారు తాడు విప్పుతూ, "పొద్దున నేనేసిన ముడేనమ్మా ఇది. ఎవరూ ముట్టుకోలేదు," అన్నారు.

దాటి వెళ్ళి పాపని ఎత్తుకున్నాను. గౌను పొడిగా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే నీటి అంచు నుంచి పొద దాకా ఇసుకలో మా అడుగులే తప్ప ఇంకెవరివీ లేవు.

ఇంకోటి. పొద్దున నేను వేసింది ఒక్క పిలక. ఇప్పుడు రెండు జడలు బిగువుగా అల్లి, కొసల్ని రెల్లు పోచతో కట్టి ఉన్నాయి.

"ఎలా వచ్చావే?" అన్నాను.

"నీళ్ళల్లో పడిపోయా. మామ్మ ఎత్తుకుంది. ఏడవకు, మీ అమ్మొస్తోంది, కదలకుండా కూర్చో అంది."

ఊళ్ళోని పెద్దావిడలందర్నీ చూపించాం. ప్రతి ఒక్కరినీ చూసి పాప తల అడ్డంగా ఊపింది. సుగుణ గారి అత్తగారు నా చేతులు పట్టుకుని, "ఎవరైతేనేమమ్మా, పిల్ల దక్కింది. ఇక అడగమాక," అన్నారు.

ఎవరో ఈదుకుంటూ తీసుకెళ్ళి ఉంటారంటారు మా ఆయన. అలా అయితే గౌను తడవాలి. అడుగులుండాలి. అసలు అవతలికెందుకు తీసుకెళ్తారు? ఆ జడలు విప్పడానికి మూడు రోజులు నాకు మనసొప్పలేదు.

పాపకి ఇప్పుడు ఎనిమిదేళ్ళు. తనకేమీ గుర్తులేదు.

రోజూ ప్రార్థనలో మేలు చేసినవాళ్ళందర్నీ పేరు పేరునా తలుచుకుంటాను. చివర్లో, పాపకి జడలు వేసిన మామ్మ అంటాను. ఆవిడ పేరు నాకు తెలియదు.