చిన్నమ్మ మగ్గం గుంతలో పిల్లి

మొన్న వనపర్తిలో మా వీధి చివరి ల్యాబుకు రక్తం ఇవ్వడానికి వెళ్తే, సూది పట్టుకున్న అమ్మాయి వివరాలు రాసుకుంటూ, "మీ ఇంట్ల ఎవరికన్న థైరాయిడ్ ఉందా మేడం?" అని అడిగింది. "మా చిన్నమ్మ పిల్లికి ఉండేది" అనేశాను. ఆ అమ్మాయి సూది పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. నేనూ ముప్పై ఏళ్లు దవాఖానల్లో జనం చేతులకు రబ్బరు పట్టీ కట్టి ఇలాంటి ప్రశ్నలు అడిగినదాన్నే. ఇటువంటి జవాబు వస్తే నేనైనా ముందు ఆ మనిషికి కాసిన్ని నీళ్లిచ్చి కూర్చోబెట్టేదాన్ని. నవ్వేసి, ఎవరికీ లేదని రాసుకోమన్నాను. కానీ ఇంటికొచ్చేదాకా దారి పొడవునా గద్వాలలోని చిన్నమ్మ ఇంటి ముందుగదే కళ్లముందు కదిలింది.

మా చిన్నమ్మది నేతపనివాళ్ల వీధి. ముందుగదిలో సగం మగ్గమే ఉండేది. మగ్గం కింద, నేసే మనిషి కాళ్లు దించుకుని కూర్చునేందుకు తవ్విన గుంత. చిన్నాయన ఆ గుంత అంచున కూర్చుని నలభై ఏళ్లు చీరలు నేశాడు. ఆయన పోయాక మగ్గం మీద నూలు ఎక్కలేదు కానీ, గుంతను పూడ్పించమని ఎవరన్నా చిన్నమ్మ వినేది కాదు. పూడిస్తే పిల్లి ఎక్కడ పడుకుంటుంది అనేది. బూడిదరంగు పిల్లి, ఎడమ చెవి కొసన చీలిక. చిన్నాయన బతికుండగానే కప్పులోని వెలుతురు కంత గుండా పిల్లగా దిగివచ్చి ఆ గుంతలో చేరింది. పదమూడు పద్నాలుగేళ్లయినా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పాలు పెడితే మనిషి వెనక్కి తగ్గేదాకా చూసి అప్పుడు తాగేది. పేరు లేదు. "అది" అంటే అదే. ఈ పిల్లి మీదేనా అని ఎవరైనా అడిగితే చిన్నమ్మ చాలా నిదానంగా, "నాది గాదు. దాని ఇంట్ల నేనుంటున్న" అని చెప్పేది. ఆమె హాస్యం ఎప్పుడూ ముఖానికి ఎక్కేది కాదు కాబట్టి, అది హాస్యమని చాలామందికి తెలిసేది కాదు.

నాలుగైదేళ్ల కిందట ఒకరోజు, తనకు తానుగా ఎన్నడూ ఫోన్ చేయని చిన్నమ్మ నాకు చేసింది. "జర వచ్చిపో బిడ్డ. అది తింటుంది, ఎండుతుంది" అంది. ఫోన్ పెట్టేసింది.

మర్నాడే వెళ్లాను. గుంతలోంచి పైకి వచ్చిన జంతువును చూసి నేను గడప దగ్గరే ఆగిపోయాను. వెన్నెముక పూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి. బొచ్చు తడిసిన గడ్డిలా పాయలు కట్టింది. పట్టపగలు కూడా కంటిపాపలు పూర్తిగా విచ్చుకుని, నా వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు నన్ను దాటి చూస్తోంది. చిన్నమ్మ గిన్నె నిండా పాలన్నం పెట్టింది. గిన్నె ఖాళీ చేసి, గిన్నె కింద బండను నాకి, మళ్లీ చిన్నమ్మ వైపు చూసింది. ఇంకో గిన్నె పెట్టింది. అదీ అయింది. ఆ వీధిలో అప్పటికే అనుకుంటున్నారట, ఆ తిండి పిల్లి తినడం లేదు, దాని లోపల ఇంకేదో తింటోందని. నవ్వి కొట్టిపారేయాలనుకున్నాను. ఆ కళ్లు చూస్తూ నవ్వలేకపోయాను.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, భోజనాలకని వీధిలో మగ్గాలన్నీ ఒక్కటొక్కటిగా ఆగుతాయి. పొద్దుటినుంచీ చెవుల్లో ఆడుతున్న చప్పుడు ఉన్నట్టుండి లేకుండా పోతే చెవులు మూసుకుపోయినట్టుంటుంది. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో గుంతలోంచి ఆ అరుపు లేచింది. పిల్లి అరుపులా లేదు. పెద్దవయసు మగమనిషి ఎవరినో పిలవబోయి, మాట సగంలో గొంతు జారిపోయినట్టుంది. ఓ… మే. మళ్లీ, ఓ… మే. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. చిన్నమ్మ మాత్రం అన్నం కలుపుతున్న చేయి ఆపి, "మీ చిన్నాయన గుంతలకెళ్లి నీళ్లకు గట్లనే పిలుస్తుండె. ఓమే అని. నా పేరు ఎన్నడన్న అన్నడా?" అంది. లేచి చెంబులో నీళ్లు తీసుకుని గుంత అంచున పెట్టి వచ్చి మళ్లీ కూర్చుంది. రోజూ చేసే పనిలాగే చేసింది.

అన్నం పూర్తికాకముందే పక్కింటాయన వచ్చాడు. ఆయనా నేతమనిషే, చిన్నమ్మను వదినా అంటాడు. చేతిలో మడిచిన గోనెసంచి, పురికొస ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు. ఆయన కూతురు తొలికాన్పుకు వచ్చి ఉంది. "వదినా, మా పిల్ల గా అరుపుకు ఉలిక్కిపడి లేస్తుంది. తొమ్మిదో నెల పడింది. ఏమన్న అయితే నేనేం జెయ్యాలె? నేను దాన్ని సంపుత అంటలేను. సంచిల ఏసి ఏరు అవతల ఇడ్సి వస్త. అంతే" అన్నాడు. చెడ్డవాడు కాదు. సంచిని మాకు కనబడకుండా వెనక్కి పట్టుకునే ప్రయత్నం కూడా చేస్తున్నాడు. చిన్నమ్మ ఆ సంచినే చూస్తోంది. నేనే, పది పన్నెండు రోజులు గడువివ్వండి, ఇది రోగం, డాక్టరుకు చూపిస్తాం అన్నాను. "పిల్లికి రోగమైతే మనిషి గొంతు ఎందుకొస్తది మేడం?" అని అడిగాడు.

కటికె దుకాణంలో భాయ్‌ని అడిగి కాలేజం, అంటే లివర్ ముక్కలు తెచ్చి, ఎవరిదో బోను అడిగి అందులో పెట్టాం. ఆకలి రోగం కాబట్టి క్షణంలో దూరింది. పద్నాలుగేళ్ల జాగ్రత్తను ఆ ఆకలి అలా మింగేసింది. పశువుల దవాఖానలో గొర్రెల మంద మధ్య మా బోను పెట్టుకుని కూర్చున్నాం. గొర్రెలు మా చుట్టూ ఖాళీ వదిలి నిలబడ్డాయి. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మత్తు సూది వేసి, మెడ మీద వేళ్లతో నిమిరి, నా వేలు తీసుకుని అక్కడ పెట్టింది. చర్మం కింద శనగగింజంత గడ్డ జారింది. ఆ తర్వాత నా అరచేతిని దాని రొమ్ము మీద పెట్టింది. జీవితమంతా నాడులు పట్టుకున్న చేయి నాది. ఆ గుండెను లెక్కపెట్టలేకపోయాను. కొట్టుకోవడంలా లేదు, జల్లెడ ఆడినట్టుంది. "ముసలి పిల్లులకు వస్తది మేడం. గొంతులో గ్రంథి మోతాదుకు మించి పనిచేస్తది. తిన్నదంతా కాలిపోతది. అరుపు గూడ దానివల్లనే" అంది డాక్టరమ్మ. రక్తం నేనే తీశాను, హైదరాబాదుకు పంపారు. వదిలేస్తే మళ్లీ దొరకదని పిల్లిని బోనుతో సహా వనపర్తికి మా ఇంటికి తెచ్చుకున్నాను. మాట్లాడుకున్న కారు కదిలేటప్పుడు చిన్నమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేయి ఊపలేదు.

మా ఇంట్లో వాడని స్నానాలగది దానికి ఇచ్చాను. బకెట్ వెనక కూర్చుని, నేను తలుపు తీసిన ప్రతిసారీ నన్ను దాటి గోడను చూసేది. మధ్యాహ్నం కాగానే ఓ… మే. నున్నటి గోడలకు తగిలి ఆ గొంతు ఇల్లంతా తిరిగేది. నేను టీవీ పెంచుకుని వంటింట్లో కూర్చునేదాన్ని, చదువుకున్నదాన్ని కదా. నాలుగో రోజు రిపోర్టు వచ్చింది. అందులో థైరాయిడ్ అంకె చూసి రెండుసార్లు కళ్లజోడు తుడుచుకున్నాను. డాక్టరమ్మ చెప్పిన కొలతకు గోలీని విరిచి, చేతికి తొడుగు వేసుకుని, పొడిచేసి కాలేజంలో కలిపి పొద్దునా సాయంత్రం పెట్టాను. మొదట్లో మందు పడక ముఖం గోక్కుంది. ఫోన్ చేస్తే మోతాదు తగ్గించమన్నారు, తగ్గించాను. పన్నెండో రోజు మధ్యాహ్నం అరుపు వినబడలేదు. తలుపు తీసి చూస్తే ముడుచుకుని నిద్రపోతోంది. అది నిద్రపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

నేనింకా అక్కడ నిలబడి ఉండగానే ఫోన్ మోగింది. గద్వాల పక్కింటాయన. "ఏం మేడం, మందు ఇప్పిస్తనంటిరి. మళ్ల తెచ్చి ఇడ్సినరా? గుంతల అరుస్తుంది" అన్నాడు. పిల్లి నా ముందే ఉందన్నాను. నమ్మలేదు. "వినుండ్రి" అని ఫోన్‌ను మా చిన్నమ్మ ఇంటి గోడకు ఆనించినట్టున్నాడు. గరగరలాడే ఆ ఫోన్‌లోంచి, దూరంగా, ఓ… మే అని వచ్చింది. నేను విన్నాను. నేనొక్కదాన్నే కాదు. నా ముందు నిద్రపోతున్న పిల్లి చెవులు రెండూ నిక్కి, తల ఫోన్ వైపు తిరిగింది.

మర్నాడు మొదటి బస్సు ఎక్కాల్సింది. ధైర్యం చాలక పదకొండింటి బస్సు ఎక్కాను. వీధిలోకి అడుగుపెట్టేసరికి మగ్గాలు ఆగుతున్నాయి. చిన్నమ్మ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలినుంచి ఆ పిలుపు. చేత్తో తలుపు తోశాను. గదిలో ఎవరూ కనబడలేదు. మగ్గం దగ్గరికి నాలుగడుగులు వేయడానికి నాకెంతసేపు పట్టిందో చెప్పలేను. మగ్గం చాటున, గుంతలోకి కాళ్లు దించుకుని, గుంజకు తల ఆనించి చిన్నమ్మ కూర్చుని ఉంది. కళ్లు మూసుకుంది. ఆమె గొంతు ఉబ్బింది, ఆమె నోటినుంచే, ఆమెది కాని మగగొంతు, ఓ… మే అని వచ్చింది.

నేను చిన్నమ్మా అన్నాను. కళ్లు తెరిచింది. దొరికిపోయినట్టు కూడా లేదు. "వచ్చినవా బిడ్డ" అంది. పక్కన కూర్చున్నాను. తనే చెప్పింది. "అది పోయినంక ఇల్లు సప్పుడు లేకుండ అయింది. ఎవరు పిలుస్తలేరు. నీళ్లు తీసుకపోయి పెట్టుదామంటే ఎవరికి పెట్టాలె? మీ చిన్నాయన గొంతు నాకు యాదికి వస్తలేదే. గా పిల్లి అరిస్తేనే యాదికొస్తుండె. మర్సిపోతనేమో అని జర అని చూసుకుంటున్న." ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి. నా చేతుల్లోకి తీసుకున్నాను. తలుపు తోసేటప్పుడు నేను భయపడింది దేనికో, ఇప్పుడు భయపడుతున్నది దేనికో తేడా తెలిసింది. రోగం నయం చేసి ఆ ఇంట్లోంచి ఆ గొంతును శాశ్వతంగా తీసేస్తున్నది నేనే కదా.

ఆ సంగతి ఆమెకూ చెప్పాను. మందు పడితే అది ఇక అరవదు చిన్నమ్మా, ఏం చేద్దాం అని అడిగాను. గుంతలోకి చూస్తూ, "దాని గుండె ఉరుకుతుంది అంటివి గద. ఉరికిచ్చి ఉరికిచ్చి పిలిపిచ్చుకుంటనా? మందెయ్యి" అంది. తర్వాత లేచి, కొంగు సర్దుకుని, నన్ను రావద్దని పక్కింటికి వెళ్లింది. అరిచింది పిల్లి కాదు, నేనే అని ఆయనకూ, ఆయన భార్యకూ, మంచంలో ఉన్న ఆ పిల్లకూ నిలబడి చెప్పిందట. నేను బయల్దేరేటప్పటికి ఆ పిల్ల, నిండు నెలలతో, చిన్నమ్మ ముందుగదిలో గోడకానుకుని కూర్చుని ఉంది. భయం పోవాలంటే ఆ గుంత ఏందో దగ్గరనుంచి చూడాలనిపించిందట.

పిల్లిని తిరిగి తెచ్చి గుంతలో వదిలాను. కొత్త తంటా అప్పుడు మొదలైంది. రోగం ఉన్నన్నాళ్లూ ఏది పెట్టినా తిన్న పిల్లి, ఆకలి తగ్గేసరికి మందు వాసన పట్టి కాలేజం వదిలేయడం నేర్చుకుంది. నయమవుతున్న కొద్దీ మందు వేయడం కష్టమైంది. చిన్నమ్మ ఎండురొయ్యల పొడి చల్లింది. అది పది రోజులు నడిచింది. తర్వాత చేప, ఆ తర్వాత గుడ్డు సొన. రోజుకు రెండుసార్లు, తొడుగులు వేసుకుని, గోలీ విరిచే ఆ పని ఏడాదిన్నరలో ఆమె ఒక్కపూటా తప్పలేదు. పిల్లికి కండ పట్టింది. మధ్యాహ్నాలు నిశ్శబ్దమయ్యాయి. పక్కింటి పిల్లకు సుఖంగా కాన్పయి, బిడ్డనెత్తుకుని వచ్చి అక్కడే కూర్చునేది. నీకు ఎట్లుందే చిన్నమ్మా, పిలవడం లేదు కదా అని నేనొకసారి అడిగాను. "నీళ్లు తాగి దూప తీరినట్టుంది" అంది.

గుండె వేగం తగ్గితే మూత్రపిండాల బలహీనత బయటపడొచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. అలాగే అయింది. పిల్లి నీళ్ల చెంబు దగ్గరే ఉండిపోయేది, ఎంత పోసినా తాగేది. చిన్నమ్మ రోజుకు ఆరేడుసార్లు చెంబు నింపేది. ఒక పొద్దున, మగ్గాలన్నీ ఆడుతుండగా, గుంత అంచున పడుకునే పోయింది. నేను వెళ్లేసరికి చిన్నమ్మ దాని వీపు మీద చేయి వేసి కూర్చుని ఉంది. పద్నాలుగు పదిహేనేళ్లలో ఆమె దాన్ని తాకడం అదే తొలిసారి. "ఇంత మెత్తగ ఉంటదనుకోలే" అంది.

ఆ మందువల్ల పిల్లి ఆయుష్షు ఎంత పెరిగిందని నన్ను అడిగినవాళ్లున్నారు. తెలియదంటాను. దాని గుండె పరుగులో తరిగిపోతున్న రోజులు ఆ ఇంట్లో మళ్లీ పొద్దు పొడిచిన దగ్గరనుంచి పొద్దు గూకేదాకా పూర్తి పొడవున సాగాయి, అది మాత్రం నేను చూశాను.