ఏదో, కొద్దిగా

అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్ళో మా కింది ఫ్లాట్ అక్కయ్యగారు విశాఖలో పదిహేనేళ్ళు నీటి పరీక్షల ల్యాబ్ నడిపారు. అయినా ఏమడిగినా "ఏదో, కొద్దిగా వచ్చు" అనేవారు. ఆవిడ పులిహోర తిన్నవాళ్ళకు ఆ 'కొద్దిగా' ఎంతో తెలుసు.

గ్రీన్ కార్డ్ వచ్చాక ప్రభుత్వ నీటి శాఖలో ఉద్యోగాలకు అప్లై చేయసాగారు. ఇంట్లో కూర్చుంటే వచ్చిన పనీ మర్చిపోతానని ఆవిడ భయం. ప్రతిసారీ రిజెక్టే. ఒకరోజు పక్కన కూర్చుని చూస్తే సంగతి తెలిసింది. ఆ అప్లికేషన్‌లో ఏ పని ఎంత వచ్చో మనకు మనమే మార్కులు వేసుకోవాలి. ఆవిడ అన్నిటికీ 'కొంచెం తెలుసు' అని పెడుతున్నారు.

"ఎక్స్‌పర్ట్ అని పెట్టండక్కా. నేను జావా పుస్తకం అట్ట చూసి పెట్టేశాను."

"మన గొప్ప మనమే చెప్పుకుంటే ఏం బావుంటుంది తమ్ముడూ?"

చివరికి నేనే క్లిక్ చేశాను. ఇంటర్వ్యూకి పిలిచారు. ఇంటర్వ్యూ రోజు సాయంత్రం ఆవిడ కారు దిగి మెట్ల మీదే కూలబడ్డారు.

"మీరు ఎక్స్‌పర్టా అని అడిగారు తమ్ముడూ."

"మీరేమన్నారు?"

"జస్ట్ ఎ లిటిల్ అన్నాను. థాంక్యూ చెప్పి పంపేశారు."

"లేవకండక్కా, కాఫీ నేను పెడతాను," అన్నాను.

"నీకు వచ్చా?"

"ఏదో, కొద్దిగా."

నా విషయంలో అది అక్షరాలా నిజం.