చల్లని నూడుల్స్‌లో మా పెరటి బెండకాయలు

మా అమ్మాయి స్కూలు నుంచి ఆ ఈమెయిల్ వచ్చినప్పుడు నేను ఆఫీసులో టీ తాగుతున్నాను. టీ పూర్తయ్యేలోపే సరేనని జవాబు పంపేశాను. మా ఆయన్ని అడగలేదు. ఇక్కడి వేసవికని వచ్చి మా ఇంట్లోనే ఉన్న మా అమ్మనీ అడగలేదు. జపాన్ నుంచి కొందరు విద్యార్థులు వస్తున్నారు, ఒకరిని రెండు వారాలు మీ ఇంట్లో ఉంచుకుంటారా అన్నది అందులో సంగతి.

ఆస్ట్రేలియాలోని మా బ్రిస్బేన్ స్కూళ్లలో చాలాచోట్ల జపనీస్ నేర్పుతారు. మా అమ్మాయికి ఆ భాష మీద ఎంత మోజంటే, స్నానం చేస్తూ కూడా ఆ మాటలే వల్లె వేసుకునేది. మేం తెలుగులో ఏమడిగినా ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల అది. అమ్మమ్మ "ఏం తింటావే బంగారం?" అంటే "ఎనీథింగ్ ఈజ్ ఫైన్, అమ్మమ్మా" అనేసి గదిలోకి పోయేది. అలాంటిది, జపాన్ అమ్మాయి వస్తోందనగానే సోఫా ఎక్కి గెంతింది. నేనూ గెంతేదాన్నే, అమ్మ చూస్తోందని ఆగాను.

అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది. "ఆ పిల్ల ఏం తింటాదే?"

"అన్నమే తింటారమ్మా వాళ్లూ."

"అయితే మన పిల్లే" అని తేల్చేసి, చింతపండు నానబెట్టడానికి వెళ్లిపోయింది.

ఆ పిల్ల వచ్చిన రోజు బల్ల మీద పులిహోర, గుత్తివంకాయ, మామిడికాయ పప్పు, అప్పడాలు, పాయసం, అన్నీ ఉన్నాయి. మా అమ్మాయి ఈడుదే. సన్నగా, నుదుటి మీద జుట్టు సమంగా కత్తిరించుకుని ఉంది. రెండు చేతులూ జోడించి ఏదో అనుకుని, గుత్తివంకాయ చిన్న ముక్క నోట్లో పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నవ్వుతూనే తలూపింది. ఆ తర్వాత తెల్లన్నం, అప్పడం తప్ప మరేదీ ముట్టలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడు కారం లేకుండా వండాం, అప్పుడూ అంతే. ఏం పెట్టినా వంగి దండం పెడుతుంది, బాగుందంటుంది, పిట్టంత తింటుంది. మా అమ్మాయి నేర్చుకున్న జపనీస్ పరీక్షకి సరిపోయేదే గానీ బెంగ తీర్చేది కాదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఫోన్లు చూసుకునేవాళ్లు. నాకు దిగులు పట్టుకుంది. ఎంతో సంబరంగా పిలుచుకున్నాను కదా, ఆ పిల్ల మా ఇంట్లో ఆకలితో పడుకుంటోందా అని.

"వాళ్లమ్మ చూస్తే ఏమనుకుంటుందే మనల్ని" అని అమ్మ రోజుకి నాలుగుసార్లు అనేది.

శనివారం పొద్దున నేను వంటింట్లో ఉండగా పెరట్లోంచి గట్టిగా కేక వినిపించింది. మా పెరటి కంచె మీద అప్పుడప్పుడూ కొండచిలువ కనబడుతుంటుంది. దాన్నే చూసి ఉంటుందనుకుని చీపురు పట్టుకుని పరిగెత్తాను.

పాము లేదు. అమ్మ పెంచిన బెండ మొక్కల మధ్య నిలబడి ఆ పిల్ల గెంతుతోంది. నవంబరులో వచ్చిన అమ్మకి ఊరికే కూర్చోవడం చేతకాక, ఇక్కడి నర్సరీలో విత్తనాలు కొనిపించి కంచె పొడవునా నాటింది. మార్చికల్లా అవి భుజాల ఎత్తు పెరిగి, పసుపుపచ్చని పూలతో, నిండా కాయలతో ఉన్నాయి. అమ్మ ఒళ్లో అప్పుడే కోసిన కాయలున్నాయి. ఆ పిల్ల ఒక కాయ తీసి పైకెత్తి "ఒకురా! ఒకురా!" అంటోంది.

"బెండకాయని చూసి ఇంత సంబరమేంటే దీనికి?" అమ్మకి నవ్వాగడం లేదు.

ఆ అరుపులకి మా అమ్మాయి నైట్‌డ్రెస్‌లోనే బయటికొచ్చింది. ఆ పిల్ల దాని చెయ్యి పట్టుకుని గుక్క తిప్పుకోకుండా చెప్పసాగింది. వచ్చిన తర్వాత అంతసేపు మాట్లాడడం అదే మొదలు. మా అమ్మాయి మధ్యమధ్యలో ఆపి, మళ్లీ అడిగి, నాకు చెప్పింది. "మమ్, వాళ్ల గ్రాండ్‌మా కూడా ఇవి గ్రో చేస్తుందట, పాట్స్‌లో. సమ్మర్‌లో కోల్డ్ నూడుల్స్ మీద వేసుకుంటారట. దేర్ ఇట్స్ స్టిల్ కోల్డ్, సో షీ డిడింట్ ఎక్స్‌పెక్ట్ టు సీ దెమ్. షీ వాంట్స్ టు కుక్ ఫర్ అస్!"

నాకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. "ఇప్పుడే షాపుకి వెళ్దాం, చెప్పులేసుకోండి" అన్నాను.

"బెండకాయలు నూడుల్స్‌లోనా?" అంది అమ్మ. "ఎలా వండుతాదంట?"

"ఊరికే నీళ్లలో ఉడకబెడతారట."

అమ్మ మొహం చూడాలి అప్పుడు. బెండకాయ కడిగి, ఒక్కో కాయా గుడ్డతో తుడిచి, ఆరబెట్టి గానీ కత్తి పెట్టదు మా అమ్మ. నీటిచుక్క తగిలితే జిగురొస్తుందని మమ్మల్ని దగ్గరికి కూడా రానిచ్చేది కాదు. అయినా చెప్పులేసుకుంది. చీర మీదికి స్పోర్ట్స్ షూ తొడుక్కుని కారు ముందుసీట్లో అందరికంటే ముందు కూర్చుంది.

సన్నీబ్యాంక్‌లో ఉన్న ఆసియా సరుకుల షాపులో అడుగుపెట్టగానే ఆ పిల్ల మరో పిల్లయిపోయింది. జపాన్ సరుకులున్న వరసలో అటూ ఇటూ పరుగులు. సోమెన్ అనే నూడుల్స్ దొరికాయి. తెల్లగా, దారాల్లా సన్నగా, కాగితపు పట్టీతో కట్టలు కట్టి ఉన్నాయి. "అగరొత్తుల్లా ఉన్నాయే" అంది అమ్మ. పక్కనే కూరగాయల దగ్గర స్నో పీస్ అనే పలచటి బఠాణీ కాయలు, కీరదోస, ఉల్లికాడలు, అల్లం తీసుకున్నాం. ఇక కావలసింది నూడుల్స్ ముంచుకునే పులుసు. అది సీసాల్లో దొరుకుతుంది.

ఆ పిల్ల ఒక సీసా తీసి వెనకున్న చిన్న చిన్న అక్షరాలు చదివింది. పెట్టేసింది. ఇంకోటి తీసింది. అదీ పెట్టేసింది. అలా వరసలో ఉన్నవన్నీ చూసి, నా వైపు తిరిగి నెమ్మదిగా "ఫిష్" అంది. మా అమ్మ పుట్టి బుద్ధెరిగాక నీచు ముట్టలేదని మా అమ్మాయి దానికి ఎప్పుడో చెప్పిందట. నాకు తెలియదు. ఈ పిల్ల గుర్తుపెట్టుకుంది.

"పర్లేదు, అమ్మ ఇంకేదైనా తింటుందిలే. అది తీసుకో" అన్నాను ఇంగ్లీషులో.

ఆ పిల్ల గట్టిగా తల అడ్డంగా ఊపింది. "నో. గ్రాండ్‌మదర్ ఆల్సో." కాసేపు ఆలోచించి ఫోన్ తీసింది. జపాన్‌కీ మాకూ గంటే తేడా. రెండు రింగులకే తెర మీద ఒక పెద్దావిడ కనబడింది. తెల్లజుట్టు, కళ్లజోడు, మెడలో తువ్వాలు. మనవరాలిని చూసి ఆవిడ పెట్టిన కేకకి పక్కన బియ్యం బస్తా ఎత్తుకుంటున్న మనిషి తిరిగి చూశాడు.

ఆ పిల్ల ఫోన్ అమ్మ మొహం ముందు పెట్టింది. ఆవిడ వంగి దండం పెట్టింది. అమ్మ రెండు చేతులూ జోడించి "బాగున్నారా అండీ?" అంది, ఎదురింటావిడతో అన్నట్టే.

"చెప్పవే" అని మా అమ్మాయిని మోచేత్తో పొడిచింది.

మా అమ్మాయి చెప్పింది. అవతల నుంచి జవాబు వచ్చింది. అది విని, ఇంగ్లీషులో మొదలుపెట్టబోయి, అమ్మమ్మ మొహంలోకి చూసి ఆగింది. అమ్మకి ఇంగ్లీషు రాదు. అక్కడ ఆ రెండు భాషల మధ్యా ఉన్నది అదొక్కతే.

"అమ్మమ్మా, ఆ అమ్మమ్మ చెప్తుంది... చేప వద్దు. సముద్రంలో ఆకు ఉంటుంది కదా, ఎండిపోయినది. అదీ, ఎండు పుట్టగొడుగు. నీళ్లలో వెయ్యాలి, రాత్రంతా. ఆ నీళ్లే పులుసు అంట."

"నాచా? నాచు శాకాహారమేనా?"

"చెట్టే అమ్మమ్మా, నీళ్లలో చెట్టు!"

"సరే, మరి బెండకాయ జిగురు పోవడానికి ఏం చేస్తారో అడుగు. మజ్జిగ పోస్తారా?"

మా అమ్మాయి తెల్లమొహం వేసింది. "జిగురు అంటే?"

అమ్మ బొటనవేలూ చూపుడువేలూ కలిపి, అంటుకున్నట్టు మెల్లగా విడదీసి చూపించింది. అది చూసి అటు ఫోన్లో ముసలావిడా, ఇటు ఈ పిల్లా ఒకేసారి "నెబానెబా!" అని అరిచారు. ఆవిడైతే నవ్వుతూ తొడ చరుచుకుంది. అమ్మ కూడా "నెబా నెబా" అంటూ వేళ్లు ఆడించింది. ఆవిడ ఏదో పొడుగ్గా చెప్పింది.

"అమ్మమ్మా, జిగురు తీసేస్తే ఇంక బెండకాయ ఎందుకు తినాలి అంటుంది! అదే బాగుంటుంది అంట. ఎండలో పొట్టకి చల్లగా, బలంగా ఉంటుంది అంట. నువ్వు ఎన్ని చెట్లు పెట్టావు అని అడుగుతుంది."

నేను ట్రాలీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. మా అమ్మాయి నోట అన్ని తెలుగు మాటలు వరసగా నేనెప్పుడూ వినలేదు. తప్పులున్నాయి. ఉంటే ఉన్నాయి. అడ్డొస్తే ఎక్కడ ఆగిపోతుందోనని ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. మొక్కలకి ఏం ఎరువు వేశారు, చీమలు పడితే ఏం చేస్తారు, మోకాళ్లు నొప్పులా అని ఆ ఇద్దరు పెద్దవాళ్లూ షాపు మధ్యలో మాట్లాడుకుంటూనే ఉన్నారు. మా అమ్మాయి ఎగిరెగిరి చెబుతూనే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం వంటిల్లు ఆ పిల్ల చేతికిచ్చేశాం. షాపులో కొని రాత్రంతా నానబెట్టిన నాచు, ఎండు పుట్టగొడుగుల నీళ్లు లేత గోధుమరంగుకి తిరిగాయి. వాటిని కాచి, వడగట్టి, సోయా సాసూ కొంచెం పంచదారా కలిపి, గిన్నెని ఐసులో పెట్టింది. తర్వాత బెండకాయలు. చెక్క మీద పరిచి, ఉప్పు చల్లి, అరచేత్తో అటూ ఇటూ దొర్లించింది. పైనున్న నూగు పోవాలట. మరిగే నీళ్లలో వేసింది. అమ్మ "అయ్యో" అని కళ్లు మూసుకుంది. తెరిచేసరికి కాయలు ఐసునీళ్లలో తేలుతున్నాయి, మొక్క మీదకన్నా పచ్చగా. అడ్డంగా తరుగుతుంటే ఒక్కో చక్రం ఒక్కో నక్షత్రంలా పడింది. వాటి వెంట జిగురు తీగలు సాగాయి. స్నో పీస్ కూడా అలాగే ఒక్క పొంగు రానిచ్చి తీసి సన్నగా కోసింది. కీరదోస అగ్గిపుల్లల్లా తరిగే పని నాకిచ్చింది. నేను తరిగినవి చూసి మర్యాదగా నవ్వి, సగం మళ్లీ తరిగింది.

నూడుల్స్ ఉడకడానికి ఎంతోసేపు పట్టలేదు. వార్చి, కుళాయి కింద పెట్టి రెండు చేతులతో రుద్ది రుద్ది కడగడం మొదలుపెట్టింది.

"ఇదేంటే, బట్టలు పిండినట్టు పిండుతోంది!" అమ్మ పక్కకొచ్చి నిలబడింది. గంజి పోయేదాకా కడగాలని మా అమ్మాయి చెప్పింది. "అలాగా, జరుగు తల్లీ" అని చీర చెంగు బొడ్లో దోపి అమ్మ కూడా చెయ్యి పెట్టింది. నీళ్లు తేటగా అయ్యేదాకా ఇద్దరూ కడిగారు.

వరండాలో బల్ల వేశాం. వెడల్పు గిన్నెలో ఐసు మీద తెల్లటి నూడుల్స్ చిన్న చిన్న చుట్టలుగా, వాటి చుట్టూ పచ్చని నక్షత్రాలు, స్నో పీస్, కీరదోస, ఉల్లికాడలు. తురిమిన అల్లం ఓ పక్కన. ఒక్కొక్కరికీ చిన్న గిన్నెలో చల్లటి పులుసు. ఆ పిల్ల చేతులు జోడించింది, అందరం జోడించాం. నూడుల్స్ పులుసులో ముంచి జుర్రుమంటూ లాగింది. చప్పుడు చెయ్యాలట, అదే మర్యాదట.

నేను లాగాను. ఆ ఉక్కపోతలో గొంతులోకి చల్లగా జారిపోయింది. అల్లం ఘాటు ముక్కుకి తగిలింది, వెనకే బెండకాయ కరకర, ఆ జిగురుతో పులుసు నూడుల్స్‌కి అంటుకుని వస్తోంది. ఇంత తేలికైన తిండి ఇంత రుచిగా ఉంటుందా అనిపించింది. అమ్మకి చాప్‌స్టిక్ పుల్లలు పట్టడం రాక చేత్తోనే తీసుకుంది. ముంచింది. జుర్రింది. మేం ముగ్గురం తినడం మానేసి చూస్తున్నాం.

"ఊఁ" అంది. మళ్లీ జుర్రింది. "ఇంకొంచెం ఆ నెబానెబా ఇటు వెయ్యి."

ఆ పిల్ల కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. తర్వాత అది తిన్న తిండి చూడాలి! మూడు గిన్నెలు. ఇన్నాళ్ల ఆకలీ తీర్చుకుంటున్నట్టు. ఆ కడుపులోకి అదంతా ఎలా పోతోందా అనిపించింది.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి పులుసు మిగల్లేదు, నూడుల్స్ కొంచెం ఉన్నాయి. "అల్లుడుగారికి చప్పగా పెడితే ఎలా" అని అమ్మ మూకుడు పెట్టి ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు తాలింపు వేసి, మిగిలిన బెండకాయ చక్రాలు కూడా అందులో పడేసి, నిమ్మకాయ పిండి కలిపింది. ఆ వాసనకి ఆ పిల్ల వంటింట్లోకి వచ్చింది. ఫోన్ పట్టుకుని వీడియో తీసి వాళ్ల అమ్మమ్మకి పంపింది. ఒక పోగు నోట్లో వేసుకుంది. కళ్లలో నీళ్లు రాలేదు. ఇంకో పోగు తీసుకుంది. మా ఆయన ప్లేటు పట్టుకుని తన వంతు కోసం వెనకే నిలబడ్డాడు.

సాయంత్రం వాళ్ల అమ్మమ్మ నుంచి జవాబు వచ్చింది. నూనెలో టపటపా పేలిన ఆ నల్లటి గింజలేమిటని అడిగిందట. "అమ్మమ్మా, ఆవాలు కూరలో ఎందుకు వేస్తావు? కరెక్ట్‌గా చెప్పు, నేను ఆమెకి చెప్పాలి" అని మా అమ్మాయి అమ్మ పక్కన నేల మీద చతికిలబడింది. అమ్మ పోపులపెట్టె తెచ్చి మూత తీసి, మొదటి గిన్నె నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఆ పిల్ల ఒక్కో గింజా అరచేతిలో వేసుకుని ఫోటో తీస్తోంది.