రెక్కల రాణికి నోరు

నిన్న అటక సర్దుతుంటే చీరల అట్టపెట్టె ముక్క మీద నేనేసిన రెక్కల రాణి బొమ్మ దొరికింది. మాస్కు చెరిపిన మరక ఇంకా ఉంది.

సూరత్‌లో లాక్‌డౌన్‌కి మరమగ్గాలు ఆగినప్పుడు నేనొక మాయల నవల రాస్తూ, అందులోని వాళ్ల బొమ్మలు వేసేదాన్ని. రాణికీ రాక్షసుడికీ, గుర్రానికి కూడా మాస్కులు పెట్టాను.

మగ్గాల మీద పనిచేసే మా నాన్న, బాపు, వాటిని చాలాసేపు చూశాడు. "ఏంది బిడ్డా గిది? మూతి కనవడకుంటే వీళ్లు ఏమంటున్నరో ఎట్ల ఎరుకైతది?" అన్నాడు, ఎప్పటిలాగే అరుస్తూ.

"బొమ్మలు మాట్లాడవు బాపూ!"

ఆయన నా పెదాలనే చూస్తూ తలూపాడు. పాపం, ఆయనకు బొమ్మల సంగతి తెలియదనుకుని, మాస్కు చెరిపి రాణికి నోరు గీశాను.

మగ్గాల మోత బాపు చెవుల్ని ఎప్పుడో తినేసిందనీ, పెదాల కదలిక చూసి మాటలు పోల్చుకునేవాడనీ పెద్దయ్యాక తెలిసింది. ఊరంతా మాస్కులు కట్టుకున్న ఆ రోజుల్లో, ఆయనకు మాస్కుల్లేని మా ఇంట్లో మాటలే వినపడ్డాయి.