పడుగు తెంపిన పెద్ద లెన్సు

కెమెరా పట్టుకొని వెనక్కి నడిచి వాడకట్టంత తిట్లు తిన్నోణ్ని మీరెప్పుడన్న చూసిండ్రా? లేకుంటే నన్ను చూడుండ్రి. సెల్‌ఫోన్ల ఫోటోలు ఇంకా మసకమసకగ పడే రోజులల్ల నేను చేసిన ఘనకార్యం ఇంటే మీరు నవ్వుతరు. గద్వాలల మా గల్లీ మాత్రం ఇంకా పండ్లు కొరుకుతది.

మా నాయిన మగ్గం నేస్తడు. ఆయన చీర మడతవెడితే అగ్గిపెట్టెల పడుతదని నేను ఊరంత చెప్పుకుంట తిరిగేటోణ్ని. ఒకసారి హైదరాబాద్ల చేనేత ప్రదర్శనకు ఆయన చీర పంపమన్నరు. చీరతోని మగ్గం మీద నేస్తున్న ఫోటో గూడ పంపాలె, లేకుంటే తీసుకోరు. ముప్పై ఏండ్ల నేతల గసుంటి పిలుపు గదే మొదటిది.

"ఎవరినన్న పిలుద్దమా?" అన్నడు నాయిన.

"నేనుండంగ ఎవరెందుకు?" అన్న.

కెమెరా ఉంది గని లెన్సు చెడిపోయింది. వనపర్తిల తెలిసిన స్టూడియో అన్న దగ్గరికి పోతే రెండు జూమ్ లెన్సులు ముందల పెట్టిండు. ఒకటి పిడికిట్ల పడుతది. ఇంకోటి మూరెడు పొడుగు.

"చిన్నది తీస్కో తమ్మీ. ఇంట్ల, బస్సుల, జాతరల, యాడికి పోయినా పనికొస్తది. పెద్దది దూరపు పిట్టలకు."

రెండు చేతులల్ల రెండు పట్టి తూచిన. చిన్నది దూది లెక్క ఉంది. "అన్నా, జరీ దారం కండె గూడ మేము అరచేతుల తూచే కొంటం. బరువుంటేనే సరుకు" అన్న.

ఆయన నవ్వి రెండూ సంచిల పెట్టిండు. "వారం చూడు. వద్దనుకున్నది వాపస్ తే."

పెద్దదాన్ని మెడకేసుకొనే బస్సెక్కిన. గద్వాల దిగేటాలకు నా మెడ కాడి మోసిన ఎద్దు మెడైంది. అయినా తల దించలే.

తెల్లారి నాయిన కొత్త అంగీ తొడుక్కొని, మగ్గం గుంతల కాళ్లు పెట్టి కూసున్నడు. పెద్ద లెన్సు బిగించి చూస్తే ఆయన చెవి కనవడ్డది. ఒక్క చెవే. జర వెనక్కి జరిగితే మీసం పడ్డది. ఎన్కట ఎవరో కొండను తవ్వి ఎలుకను పట్టిండట, నేను కొండంత లెన్సు పెట్టి మీసం పట్టిన.

"అయిందా రా?"

"అర్ర చిన్నగుంది నాయినా." ఆడలేక మద్దెల ఓడంటే గిదే.

"మీ తాత గీ ఇంట్లనే బతికిండు రా. నువ్వు ఆయన కన్నా పెద్దగైనవా?"

వాకిట్లకొస్తే ముఖం పడ్డది, మగ్గం పడలే. గల్లీలకొస్తే మగ్గం పడ్డది, చీర అంచు పడలే. ఇంకో రెండడుగులనుకుంట కెమెరాల కన్ను పెట్టి వెనక్కే నడిచిన. గల్లీల పక్కింటి ఈశ్వరమ్మత్త మగ్గానికి ఎక్కించే పడుగు దారాలు చాపి గంజి పెడుతుంటదని నాకు తెల్వదా? పుట్టినకాడికెల్లి చూస్తున్న. అయినా పోయి నడుమల పడ్డ. దారాల మీద నేను, నా మీద లెన్సు. పటపట తెగినయి.

అత్త గంజి కుంచె పట్టుకొని ఉరికొచ్చింది. "దెబ్బలేమన్న తగిలినయా రా?"

"లేదత్తా."

"అయితే ఇప్పుడు తగుల్తయి" అని కుంచె ఎత్తింది.

నాయిన లేచొచ్చి తెగిన పోగులు ఒక్కొక్కటి అతికిచ్చుకుంట కూసున్నడు. గది కుంచె దెబ్బకన్న గట్టిగ తగిలింది. పొద్దు వాలుతుంది. గడువు గా రోజే; సాయంత్రం బస్సుకు ఫోటో పోకుంటే, నా పొగరుకు ఆయన పిలుపు పోయినట్టే. ఏడుపొచ్చింది.

చెల్లె పద్మ సంచిలకెల్లి చిన్న లెన్సు తీసి నా చేతుల పెట్టింది. "గిది ఎందుకు తెచ్చినవన్నా, పప్పుల ఏస్తానికా?"

బిగించిన. అర్రలనే, తలుపు పక్కన నిలవడ్డ. గుంత, మగ్గం, అంచు, కిటికీల వెలుగు, నాయిన నవ్వు, అన్నీ ఒక్కపారే పడ్డయి. అచ్చేయించిన ఫోటో చీరతోని బస్సెక్కింది.

ప్రదర్శనకు నాయిన, నేను పోతే హైదరాబాద్ల చీర పక్కన గా ఫోటో నిలువెత్తుగ పెట్టిండ్రు. నాయిన వచ్చినోళ్లందరికి "నా కొడుకు తీసిండు" అని చెప్తుంటే నాకు నేల మీద కాళ్లు ఆనలే. గప్పుడే ఒకాయన "ఏ లెన్సుతోని తీసినవు బాబూ?" అన్నడు. నేను నోరు తెరిచేలోపు నాయినే అందుకున్నడు.

"చిన్నదానితోనే సారూ. నా చీర అగ్గిపెట్టెల పడుతది. దాన్ని ఫోటో తీస్తానికి బండి కట్టాలంటడు ఈడు."

గందుకే గద్వాల చీర మీద ఒట్టు. ఇగ జన్మల బరువు చూసి లెన్సు కొన. కొన్నా, వెనక్కి నడవ. నడిచినా, ఈశ్వరమ్మత్త యాడుందో ముందుగాల చూసుకుంట.