అన్నీ మానేసిన మనిషి

మా ఆయన వాయుసేనలో సార్జెంటుగా రిటైరయ్యాక గురుగ్రామ్‌లోని ఒక ఆఫీసులో సెక్యూరిటీ వ్యవహారాలు చూసే ఉద్యోగంలో చేరారు. మా ఫ్లాటు ఇందిరాపురంలో. పొద్దున్నే కారు తీసి, ఢిల్లీ అంతా దాటుకుని వెళ్లి, చీకటి పడ్డాక వచ్చేవారు. నేను నడుపుతానంటే ఒక్కనాడూ తాళం ఇచ్చేవారు కాదు.

షుగర్ సర్వీసులో ఉండగానే బయటపడింది. అప్పటి నుంచి ఒక్క పూట మాత్ర మరిచిపోయి ఎరుగరు. గ్యాస్ పట్టేస్తోందని మందుల షాపులో అడిగి మరో మాత్ర తెచ్చుకుని, రోజూ పరగడుపున అది కూడా వేసుకునేవారు.

కాకినాడలో ఉన్న వాళ్లన్నయ్య షుగర్‌తోనే కిడ్నీలు పాడై, డయాలసిస్ మీద కొన్నాళ్లు బతికి పోయారు. దినకార్యాలు చూసుకుని తిరిగొచ్చిన మనిషి వేరు. ముందు మాంసం, చేప మానేశారు. తర్వాత గుడ్డు, ఆ తర్వాత పాలు. ఒకరోజు పెరుగు గిన్నె కూడా పక్కకు జరిపేశారు.

"పెరుగేం చేసిందండీ?" అన్నాను.

"అన్నయ్య అన్నీ తిన్నాడు. ఏమైందో చూశావుగా."

ఇక రెండు రొట్టెలు, సొరకాయ కూర, కీరదోస ముక్కలు. రక్తపరీక్షలో షుగర్ చక్కగా ఉండేది. దాన్ని చూసినప్పుడే ఆయన మొహంలో కాస్త వెలుగు. అపార్ట్‌మెంట్లో అందరూ మెచ్చుకునేవారు. మనిషి మాత్రం చొక్కాలో వేలాడుతున్నట్టుండేవారు.

మొదట అరికాళ్లలో చీమలు పాకినట్టుందన్నారు. తర్వాత నాలుక మంట. అద్దం ముందు నోరు తెరిచి చూపిస్తే పుండులా ఎర్రగా, పైన నున్నగా ఉంది. చెప్పిన మాటే మళ్లీ చెప్పేవారు, గుర్తుచేస్తే కసిరేవారు. కాలనీ క్లినిక్‌లో డాక్టరు తలెత్తకుండానే, "షుగర్ కీ వజహ్ సే హోతా హై, పరహేజ్ రఖియే," అన్నారు. షుగర్ ఉంటే తిమ్మిర్లు మామూలే, నోరు కట్టుకోమని. అప్పటికే కట్టుకోవడానికి ఏం మిగిలిందని? ఈయన ఇంటికొచ్చి రెండు రొట్టెల్లో ఒకటి తగ్గించారు.

ఆ జనవరిలో చలి విపరీతంగా ఉంది. సాయంత్రం హాల్లో హీటర్ ముందు కుర్చీ వేసుకుని టీవీ చూస్తున్నారు. నేను వంటింట్లో ఉన్నాను. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన మా అమ్మాయి గుమ్మంలోనే ఆగి, "మమ్మీ, కుఛ్ జల్ రహా హై!" అని అరిచింది, ఏదో కాలుతోందని. పొయ్యి మీద ఏమీ మాడలేదు. హాల్లోకి పరుగెత్తాను. ఆయన కుడికాలి మేజోడు హీటర్ జాలీకి ఆని పొగ వస్తోంది. ఆయన టీవీ వైపే చూస్తున్నారు.

అమ్మాయి కుర్చీతో సహా వెనక్కి లాగింది. "పాపా! ఆప్కో దర్ద్ నహీ హువా?" అంది, నొప్పి పుట్టలేదా అని.

ఆయన వంగి కాలు చూసుకున్నారు. "లేదమ్మా. ఏమీ తెలియలేదు," అన్నారు. ఆ గొంతులోని భయం నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. మేజోడు తీస్తే దానితోపాటు చర్మం వచ్చింది.

పుండు మానలేదు. నల్లబడింది. ఘాజియాబాద్‌లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. ఆ కాలి బొటనవేలూ, పక్క వేలూ తీసేశారు.

కట్టు మార్చే రోజుల్లో ఒక డాక్టరమ్మ వచ్చి, షుగర్ కాగితాలు పక్కన పెట్టి, మంచం అంచున కూర్చుంది. నోరు తెరిపించి నాలుక చూసింది. "అంకుల్, ఆప్ ఖాతే క్యా హై?" అని అడిగింది. ఏం తింటారని ఇన్నేళ్లలో ఆయన్ని అడిగిన మొదటి డాక్టరు ఆవిడే. ఆయన చెబుతూ పోయారు, మానేసినవన్నీ, కాస్త గర్వంగానే. ఆవిడ మొహం మారుతూ వచ్చింది.

రక్తం తీయించింది. మర్నాడు విడమరచి చెప్పింది. బీ ట్వెల్వ్ అనే విటమిన్ ఒంట్లో దాదాపు లేదట. ఆయన వాడే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వేసుకుంటే కొందరిలో అది తగ్గుతుందట, గ్యాస్ మాత్ర తోడైతే ఇంకా. తిండిలోనేమో అది దొరికేది పాలు, గుడ్లు, చేప, మాంసంలోనే. నరాలు దెబ్బతినడంలో షుగర్ వాటా కొంత, దీని వాటా కొంత అంది. "మాత్ర మంచిదే, మీ అంతట మీరు ఆపకండి. ఏడాదికోసారి ఈ పరీక్ష చేయించాల్సింది," అంది.

ఆవిడ వెళ్లాక ఆయన నా వైపు తిరిగారు.

"నేనేం తప్పు చేశానే?" అన్నారు. "చెప్పినవన్నీ చేశాను కదా?"

నీళ్లు తాగమని గ్లాసు అందించాను.

ఇంజక్షన్లు మొదలయ్యాయి. నాలుక మంట పోయింది. మతిమరుపు, కసురుకోవడం తగ్గాయి. ఉడకబెట్టిన గుడ్డు మందు మింగినట్టు కళ్లు మూసుకుని తింటున్నారు. కాళ్లకు మాత్రం స్పర్శ రాలేదు. ఇన్నాళ్లు ఆలస్యమయ్యాక నరాలు తిరిగి కోలుకుంటాయో లేదో చెప్పలేమన్నారు.

పుండు మానాక ఒక ఆదివారం బూట్లు వేసుకుని, ఆఫీసుకు వెళ్లడం అలవాటు చేసుకోవాలంటూ కిందికి దిగారు. నేనూ పక్క సీట్లో కూర్చున్నాను. కారు స్టార్ట్ చేశారు. పార్కింగులోంచి కదలకుండానే ఆపేశారు. మళ్లీ స్టార్ట్ చేసి, మెడ వంచి కింద పాదం వైపు చూసుకున్నారు.

"కాలు బ్రేకు మీద ఉందో లేదో చూస్తేగానీ తెలియట్లేదు," అన్నారు.

తాళం తీసి నా ఒళ్లో పెట్టారు. ఆ సోమవారం ఉద్యోగానికి రాజీనామా పంపారు.