ఏడు చుట్ల వస

మా ఇంట్లో నన్ను చూసి అందరూ అనే మాట ఒకటే: "దీనికి పసితనంలో వస పోయడం మరిచినాం."

వసకొమ్మును ఆముదం దీపం మీద కాల్చి, సానరాయి మీద చనుబాలతో అరగదీసి, ఆ గంధం నాలుకకు రాస్తే పసిపిల్లలకు కడుపుబ్బరం తగ్గుతుందని, మాటలు తొందరగా వస్తాయని మా తోటపల్లి గూడూరు వైపు నమ్మకం. గలగలా వాగే పిల్లను వసపిట్ట అంటారు. నేను అందుకు పూర్తిగా విరుద్ధం. ఇంటికెవరైనా వస్తే పుస్తకం పైట కింద దాచుకుని దొడ్లోకి పోయేదాన్ని. చెప్పాలనుకున్నవి నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని.

1960ల మొదట్లో అక్క పురిటికి వచ్చింది. ఆడపిల్ల. మూడో నెల నడుస్తోంది. ఆదివారాలు వస అరగదీయడం మా నాయనమ్మ పని; ఆమెను అవ్వ అనేవాళ్ళం. ఆ ఆదివారం అవ్వ వేలికి కురుపు లేచింది. నన్ను సానరాయి ముందు కూర్చోబెట్టింది.

"రెండు చుట్లే మే. మందది, మజ్జిగ కాదు," అని చెప్పి వడ్లు ఎండబోయడానికి పోయింది.

రెండు చుట్లు తిప్పాను. గంధం కనీ కనిపించనట్టుంది. పిల్ల నా వంకే చూస్తోంది. ముందురోజు పక్కింటావిడ "చిన్నమ్మ పోలికే. నోరు కూడా అట్నే ఉంటదేమో!" అని నవ్వడం గుర్తొచ్చింది. ఇంకో చుట్టు తిప్పాను. ఇంకొకటి. ఏడు దాకా లెక్క గుర్తుంది. ఆ గంధమంతా పిల్ల నాలుకకు రాశాను.

గంటలోపే పిల్ల పాలు కక్కింది. మళ్ళీ కక్కింది. ఆ తర్వాత ఏడవడం కూడా మానేసి మగతగా తల వాల్చేసింది. జట్కా కట్టించి నెల్లూరు తీసుకుపోయాం. దారంతా కొంగుకు ముడి వేస్తున్నాను, విప్పుతున్నాను. చెప్పాలి. అక్క మొహం చూసి మళ్ళీ ముడి వేస్తున్నాను.

"ఏం పట్టించారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"పాలేనమ్మా. వస రెండు చుట్లు," అంది అవ్వ. "నా చేతికింద పన్నెండుమంది పెరిగినారు, ఒక్కరికీ ఏమీ కాలా."

"దానికే ఇంత మత్తు రాదే." డాక్టరమ్మ ఏదో సూదిమందు రాయసాగింది.

"రెండు కాదు," అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాను. ఈసారి నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఏడు. ఇంకా ఎక్కువేనేమో. అరగదీసింది నేనే."

అక్క పిల్లను నా వైపు భుజం మీదినుంచి అవతలి భుజానికి మార్చుకుంది.

డాక్టరమ్మ రాసింది కొట్టేసింది. "వస ఎక్కువైతే వాంతులు, మత్తు. ఇంత పసిదానికి రెండు చుట్లయినా వద్దు. సాయంత్రం దాకా ఇక్కడే ఉంచండి, ఊపిరి మేము చూస్తుంటాం. గాఢంగా నిద్రపోకుండా మాట్లాడిస్తూ ఉండండి."

అక్క పిల్లను మంచం మీద పడుకోబెట్టి, కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది. నేను వంగి మొదలుపెట్టాను. అరికాలు గీరుతూ జట్కా గుర్రం సంగతి, ఉప్పుగాలికి ఆరని బట్టల సంగతి, దొంగతనంగా చదివిన కథల సంగతి. ఆపితే ఏమవుతుందోనని ఆపలేదు. వరండాలో పోయేవాళ్ళు ఆగి చూశారు. చూడనీ.

పొద్దు వాలే వేళకు పిల్ల కెవ్వుమంది. పాలకోసం నోరు తెరిచింది. అక్క అందుకుని ఒళ్ళో వేసుకుంది. నేనింకా చెబుతూనే ఉన్నాను.

"చాల్లే మే," అంది అవ్వ కళ్ళు తుడుచుకుంటూ. "వస దానికి పోసినావా, నువ్వు తాగినావా?"